న్యాయ సలహా: బేస్‌మెంట్‌లో గోల్ఫ్ సిమ్యులేటర్ పెట్టాలంటే ఎవరెవరి అనుమతి కావాలి?

ప్రశ్న: మాది న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర టౌన్‌హౌస్. బేస్‌మెంట్‌లో గోల్ఫ్ సిమ్యులేటర్ (తెర మీదికి నిజం బంతిని కొడితే అది మైదానంలో ఎక్కడ పడేదో చూపించే ఏర్పాటు) పెట్టించుకోవాలని ఉంది. వాడుకోగల చోటు 13 అడుగుల వెడల్పు, 21 అడుగుల పొడవు. పైన జాయిస్టుల (పై అంతస్తు నేలను మోసే దూలాల) అడుగు దాకా ఎత్తు 7 అడుగుల 10 అంగుళాలు. ఒక పక్క స్టీలు స్తంభం, ఒక మూల ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం), ఎలక్ట్రికల్ ప్యానెల్, సంప్ పంపు (అడుగున చేరే నీటిని తోడేది) ఉన్నాయి. కాంట్రాక్టరేమో ‘లోపలి పనే కదా, పర్మిట్ అక్కర్లేదు, ఎత్తు చాలకపోతే నేల స్లాబ్ పగలగొట్టి ఒక అడుగు కిందికి దించుదాం’ అంటున్నాడు. సగం డబ్బు అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇళ్ల యజమానుల అసోసియేషన్‌కు చెప్పాలా? శబ్దం అని పక్కింటివాళ్లు గొడవ పెట్టుకుంటే ఏం చేయాలి? నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఖర్చు కొంత రాబట్టుకోవడానికి మిత్రుల దగ్గర గంటకు ఇంత అని తీసుకోవచ్చా?

జవాబు: అడ్వాన్సు ఇవ్వకండి. ఇంకా దేనిమీదా సంతకం పెట్టకండి. మీరు రాసినవాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది స్లాబ్ తవ్వే ఆలోచన. అసలు ఆ స్లాబ్ మీదేనా అన్నది ముందు తేలాలి.

చూడ్డానికి ఒకేలా ఉండే రెండు టౌన్‌హౌసుల్లో ఒకటి కాండోమినియం (యూనిట్ మీది, కట్టడంలో మిగతా భాగాలు అందరివీ) కావచ్చు, ఇంకొకటి ఫీ సింపుల్ (ఇల్లూ నేలా పూర్తిగా మీవే) కావచ్చు. ఇల్లు కొన్నప్పుడు రిజిస్టరైన డీడ్ తీసి చూడండి. అందులో యూనిట్ నంబరు, మాస్టర్ డీడ్ (కాండో మొత్తానికి మూల పత్రం) ప్రస్తావన, కామన్ ఎలిమెంట్స్‌లో (ఉమ్మడి భాగాల్లో) మీ వాటా ఇంత శాతం అని ఉంటే అది కాండో. ఇంటికి మీరు కడుతున్న ఇన్సూరెన్స్ హెచ్‌ఓ-6 (కాండో యజమానులకిచ్చే పాలసీ) రకమైతే అదీ ఒక గుర్తు.

కాండో అయితే 1969 నాటి న్యూజెర్సీ కాండోమినియం చట్టం వర్తిస్తుంది. పునాదులు, బరువు మోసే భాగాలు, ప్రధాన గోడలు, పైకప్పులతోపాటు బేస్‌మెంట్లు కూడా ఉమ్మడి ఆస్తేనని ఆ చట్టం అంటుంది. ఫలానా యూనిట్‌కే చెందుతుందని ప్రత్యేకంగా కేటాయించినవి మాత్రం దీనికి మినహాయింపు. అందుకే మాస్టర్ డీడ్‌లో ‘యూనిట్ హద్దులు’ అన్న భాగాన్ని అక్షరం అక్షరం చదవాలి. చాలా చోట్ల గోడలకు లోపలి ఉపరితలం వరకే మీది అని ఉంటుంది. అలా ఉంటే స్లాబ్, దాని కింద మట్టి, పైన జాయిస్టులు, ఆ స్టీలు స్తంభం ఏవీ మీ ఒక్కరివి కావు. ఉమ్మడి భాగాల్లో మార్పులు అసోసియేషన్ ద్వారా తప్ప చేయకూడదని ఆ చట్టంలో 46:8బి-18 సెక్షన్ చెబుతుంది. మీ యూనిట్ లోపల చేసే పనైనా సరే, కట్టడం భద్రతకు ముప్పు తెచ్చేదైతే, దానివల్ల ప్రభావితులయ్యే యజమానులంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా పని ఆగుతుంది. ఒప్పుదల లేకుండా తవ్వితే అసోసియేషన్ కోర్టుకు వెళ్లి పని ఆపించగలదు, మీ ఖర్చుతోనే తిరిగి యథాస్థితికి తెప్పించగలదు.

ఫీ సింపుల్ అయితే స్లాబ్ మీదే. అయినా తవ్వమని చెప్పను. బేస్‌మెంట్ స్లాబ్ సాధారణంగా 4 అంగుళాల కాంక్రీటు. గోడల బరువు మోసేది దాని అంచుల కింద ఉన్న ఫుటింగ్ (పునాది అడుగు). ఒక అడుగు దించితే ఫుటింగ్ పక్క మట్టి పోతుంది, కొన్నిచోట్ల దాని అడుగుకన్నా కిందికి వెళ్లిపోతారు. మీ పక్క గోడ పక్కింటివాళ్లకూ గోడే. అది కుంగితే వాళ్లింట్లో బీటలు పడతాయి, నష్టం మీ మెడకు చుట్టుకుంటుంది. సరిగ్గా చేయాలంటే ఇంజనీరు సీలు వేసిన డ్రాయింగులతో ఫుటింగ్ కిందికి విడతలు విడతలుగా కాంక్రీటు పోయాలి, లేదా గోడల వెంబడి అడుగు వెడల్పున కాంక్రీటు గట్టు వదలాలి. గట్టు రెండువైపులా వదిలితే మీ 13 అడుగులు 11 అవుతాయి, అక్కడ క్లబ్ (గోల్ఫ్ కర్ర) తిప్పడానికి వెడల్పు చాలదు. స్తంభం కింద ఫుటింగ్, సంప్ గుంట, చుట్టూ ఉండే డ్రెయిన్ పైపు అన్నీ మళ్లీ దించుకోవాలి. దొరికే ఎత్తుకు అంత ముప్పు తగదు.

పర్మిట్ దాకా పోకముందే కొలతలు చూసుకోండి. 7 అడుగుల 10 అంగుళాలు అంటే 94 అంగుళాలు. గోల్ఫ్ మ్యాట్ ఒకటిన్నర అంగుళం, సీలింగ్‌కు డ్రైవాల్ (జిప్సం బోర్డు) వేస్తే ఇంకో అర అంగుళం పైనే పోతాయి. మిగిలేది 92 కన్నా తక్కువ. నిలువెత్తు మనిషి డ్రైవర్ అనే అన్నిటికన్నా పొడవైన క్లబ్‌తో పూర్తి స్వింగ్ చేయాలంటే 9 అడుగులు, అంటే 108 అంగుళాలు ఉంటే నిశ్చింత. మీ చోటులో పొట్టి ఐరన్లు, వెడ్జ్‌లు అనే పొట్టి క్లబ్బులతో ఆడుకోవడం కుదరొచ్చు, డ్రైవర్ కుదరడం కష్టం. ఊహించుకోకుండా పరీక్షించండి. ఆరుబయట మీ మ్యాట్ మీదే నిలబడి, మీ క్లబ్‌తోనే నెమ్మదిగా స్వింగ్ చేయండి. క్లబ్ తల ఎంత ఎత్తుకు వెళ్తోందో మరొకరు కొలవాలి. దానికి ఇంకో 4 నుంచి 6 అంగుళాలు కలపండి. గాలి గొట్టం (డక్టు) వేలాడే చోట ఎత్తు ఇంకా తగ్గుతుంది కాబట్టి బంతి పెట్టే చోటు సరిగ్గా ఎక్కడో ముందే గీసుకోండి. ఎత్తు కోసం జాయిస్టులకు గాటు పెడతానంటే ఒప్పుకోకండి. ఐ ఆకారపు ఇంజనీర్డ్ జాయిస్టులైతే పై పట్టీని గానీ కింది పట్టీని గానీ కోయనే కూడదు.

పొడవు 21 అడుగులు సరిపోతుంది. తెర వెనక గోడకు ఒక అడుగు ఖాళీ, తెర నుంచి బంతికి 9 లేదా 10 అడుగులు, మిగతాది మీ వెనక. తెరను డ్రమ్ములా బిగించి కట్టినా, వెనక ఖాళీ లేకుండా గోడకు ఆనించినా బంతి తిరిగొచ్చి మిమ్మల్నే కొడుతుంది. బంతి వేగాన్ని, దిశను కొలిచే యూనిట్లలో, వెనక నిలబెట్టే రాడార్ రకానికి బంతికి వెనకా ముందూ చెరో 8 అడుగులదాకా కావాలి కాబట్టి మీ దగ్గర ఇరుకు పడుతుంది. సీలింగ్‌కు బిగించేవాటికి మీకున్న ఎత్తు చాలదు. బంతి పక్కన నేలమీద పెట్టే కెమెరా రకమే ఈ గదికి తగినది. ఇవన్నీ ఒప్పందంలోకి ఎక్కాలి కాబట్టే ఇక్కడ చెబుతున్నాను. పని పూర్తయ్యాక నేల నుంచి సీలింగ్‌కు మిగిలే ఎత్తు, తెరకూ బంతికీ దూరం, బంతిని కొలిచే యూనిట్ మోడల్, ఆ కొలతల్లో అది పనిచేయకపోతే డబ్బు వాపసు అన్న మాటలు కాగితం మీద ఉండాలి.

ఇక పర్మిట్. సిమ్యులేటర్ అనే వస్తువుకు పర్మిట్ లేదు. దానికదే నిలబడే ఫ్రేమ్ తెచ్చి, ఉన్న ప్లగ్గుల్లోనే అన్నీ కనెక్ట్ చేసి ఆడుకుంటే టౌన్‌షిప్‌తో పని లేదు. కొత్తగా గోడలు కట్టినా, సీలింగ్ వేసినా, కొత్త సర్క్యూట్ లాగినా, డక్టు జరిపినా, స్తంభం ముట్టుకున్నా న్యూజెర్సీ యూనిఫాం కన్‌స్ట్రక్షన్ కోడ్ కింద పర్మిట్ కావాలి. ‘లోపలి పని’ అన్నది మినహాయింపు కాదు. దరఖాస్తు పూర్తిగా ఇచ్చాక 20 పనిదినాల్లో టౌన్‌షిప్ అవుననో కాదనో తేల్చాలి. పర్మిట్ లేకుండా మొదలుపెడితే ఉల్లంఘనకు 2,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. అంతకన్నా బాధ, తనిఖీ కోసం మూసిన గోడలు మళ్లీ విప్పించడం. ‘పర్మిట్ మీ పేరు మీద తీయండి, నేను చేసిపెడతా’ అని కాంట్రాక్టరు అంటే ఒప్పుకోకండి. అలా తీస్తే పని బాధ్యత మీరు నెత్తికెత్తుకున్నట్టే.

ఇలాంటి గదులు తనిఖీలో ఎక్కడ ఆగుతాయో చెబుతాను. ప్యానెల్ ముందు 36 అంగుళాల లోతు, 30 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఆ చోటును సామాను పెట్టుకోవడానికి కూడా వాడకూడదు. పక్క వలల ఫ్రేమ్, గోల్ఫ్ బ్యాగులు సరిగ్గా అక్కడికే చేరతాయి. రెండోది ప్రొజెక్టర్. దాని తీగను సీలింగ్ లోపలినుంచి తీసుకెళ్లి దూరంగా ప్లగ్గులో పెడతారు, అది ఎలక్ట్రికల్ కోడ్‌కు విరుద్ధం. ప్రొజెక్టర్ పక్కనే సీలింగ్‌లో అవుట్‌లెట్ పెట్టించాలి. బేస్‌మెంట్ అవుట్‌లెట్లకు జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటును వెంటనే ఆపే) రక్షణ ఉండాలి. ప్రొజెక్టర్‌కు, కంప్యూటర్‌కు కలిపి విడిగా 20 ఆంపియర్ల సర్క్యూట్ ఒకటి లాగించుకోండి. మూడోది, బంతి తగలకుండా జాయిస్టులకు నేరుగా ఫోమ్ షీట్లు అంటించడం. ఫోమ్ నిప్పంటుకుంటే వేగంగా మండుతుంది. ఫోమ్ ప్లాస్టిక్‌ను గది నుంచి అర అంగుళం జిప్సం బోర్డు లాంటి అడ్డుతో వేరుచేయాలని కోడ్ అంటుంది. దెబ్బ తట్టుకోవడానికి ఏదైనా వాడితే దానికి అగ్ని పరీక్ష ధ్రువపత్రం ఉందో లేదో అడగండి. ఫర్నేస్‌ను చుట్టూ మూసేసి చిన్న గదిలో బంధిస్తే మండటానికి గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. బయటి గాలిని విడి పైపుతో తీసుకునే రకమా కాదా చూసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పక ఉండాలి.

కాంట్రాక్టరు విషయంలో చట్టం మీవైపే ఉంది. న్యూజెర్సీలో ఇంటి మరమ్మతు పనిచేసేవారు రాష్ట్రంలో నమోదై ఉండాలి. ఆ నంబరు 13వీహెచ్‌తో మొదలవుతుంది. 500 డాలర్లు దాటిన ఏ పనికైనా రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. అందులో మొత్తం ధర, మొదలుపెట్టే తేదీ, ముగించే తేదీ, నమోదు నంబరు ఉండాలి, జనరల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ కాపీ జతచేయాలి. ఒప్పందం ప్రతి మీ చేతికందిన మూడో పనిదినం అర్ధరాత్రి లోపు మీరు రద్దు చేసుకోవచ్చు. కావలసిన పర్మిట్లన్నీ రాకుండా కాంట్రాక్టరు పని మొదలుపెట్టకూడదు. తనిఖీ ధ్రువపత్రాల కాపీలు ఇవ్వకుండా చివరి వాయిదా డబ్బు అడగకూడదు. ఈ నిబంధనలు ఉల్లంఘించి మీకు నష్టం కలిగిస్తే కన్జ్యూమర్ ఫ్రాడ్ చట్టం కింద మూడు రెట్ల నష్టపరిహారం, వకీలు ఫీజు రాబట్టుకునే వీలుంది. ‘పర్మిట్ అక్కర్లేదు’ అన్న మనిషితో ముందుకు వెళ్లొద్దనే నా సలహా.

అసోసియేషన్‌కు చెప్పాలా అన్నారు. కాండో అయితే తప్పకుండా, ముందే, రాతపూర్వకంగా. ఫీ సింపుల్ అయితే చాలా అసోసియేషన్లు బయటికి కనిపించే మార్పులనే పట్టించుకుంటాయి, అయినా డిక్లరేషన్‌లో (అసోసియేషన్ మూల నియమపత్రంలో) ఉమ్మడి గోడల గురించి, ఇబ్బంది కలిగించే పనుల గురించి ఏముందో చదవండి. గొడవ వచ్చేది దాదాపు ఎప్పుడూ శబ్దం దగ్గరే. బంతి తెరకు తగిలిన చప్పుడుకన్నా మ్యాట్ మీద క్లబ్ దెబ్బ, ఫ్రేమ్ అదురు గోడలోంచి, నేలలోంచి పాకి పక్కింటికి చేరతాయి. తెరను ఇంటి ముందువైపు లేదా వెనకవైపు గోడకు ఎదురుగా పెట్టండి, పక్కింటి గోడవైపు వద్దు. ఫ్రేమ్‌ను జాయిస్టులకు, ఉమ్మడి గోడకు బిగించకండి. ఆ గోడ మంటలను ఆపడానికి కట్టింది, అందులో అవుట్‌లెట్ పెట్టెల కోసం రంధ్రాలు కోస్తే ఆ రక్షణ పోతుంది. మ్యాట్ కింద మందమైన రబ్బరు షీటు వేయండి. రాత్రి ఎన్నింటికి ఆపాలో మీ అసోసియేషన్ నియమాల్లో ఉంటే దాన్ని పాటించండి, లేకపోతే పక్కింటివాళ్లతో మాట్లాడి ఒక వేళ పెట్టుకుని ఈమెయిల్‌లో రాసుకోండి. అయినా వివాదం ముదిరితే కోర్టుకు పోనక్కర్లేకుండా పరిష్కరించుకునే మధ్యవర్తిత్వ పద్ధతి ఒకటి అసోసియేషన్ ఏర్పాటు చేయాలని న్యూజెర్సీ చట్టం చెబుతుంది. అది కోరుతూ లేఖ రాయండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. మీకు సంప్ పంపు ఉందంటే కింద నీరు ఉందన్నమాట. సంప్ పొంగి గదిలోకి వచ్చిన నీటికి మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు, దానికి విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనపు చేర్పు) తీసుకోవాలి. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ ఉన్నా బేస్‌మెంట్‌లోని ఎలక్ట్రానిక్ సామానుకు, పూర్తిచేసిన గోడలకు, నేలకు వర్తించదు. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను వానలకు న్యూజెర్సీలో బేస్‌మెంట్లు మునిగినప్పుడు ఈ సంగతి చాలామందికి ఆలస్యంగా తెలిసింది. కంప్యూటర్‌ను, ప్రొజెక్టర్ వైర్ల జంక్షన్‌ను నేలనుంచి పైకి పెట్టించండి. పర్మిట్‌తో పనిచేస్తే ఆస్తి పన్ను కొంత పెరగొచ్చు. పెరగనివ్వండి. ఇల్లు అమ్మేనాడు 2024 ఆగస్టు నుంచి తప్పనిసరైన ప్రాపర్టీ కండిషన్ డిస్‌క్లోజర్ (ఇంటి స్థితిని కొనేవారికి తెలిపే పత్రం) మీరు నింపాల్సిందే, పర్మిట్ లేని గది అక్కడ బయటపడి బేరం చెడగొడుతుంది.

చివరిగా, మిత్రుల దగ్గర గంటకు డబ్బు. తీసుకోకండి. హెచ్-1బీ మీకు పిటిషన్ వేసిన యజమాని దగ్గర పనిచేయడానికే అనుమతిస్తుంది. వేళలు కేటాయించి, రేటు పెట్టి, డబ్బు తీసుకుంటే అది మీరు నడిపే వ్యాపారంగా కనిపిస్తుంది. అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కేస్తే రేపు వీసా పొడిగింపు దగ్గర, గ్రీన్‌కార్డు దగ్గర జవాబు చెప్పుకోవాలి. జెల్, వెన్మో లాంటి డబ్బు పంపే యాప్‌లలో వచ్చే చిన్న మొత్తాలే ఆ రికార్డు. మీ భార్యకో భర్తకో హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వారి జీవిత భాగస్వామికి పని అనుమతి) ఉంటే వీసా చిక్కు ఉండకపోవచ్చు గానీ టౌన్‌షిప్ జోనింగ్, అసోసియేషన్‌లో ‘నివాసానికి మాత్రమే’ అన్న షరతు అడ్డొస్తాయి. పైగా వ్యాపారం అన్న కారణంతో, అతిథికి క్లబ్ తగిలి గాయమైనప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. డబ్బు తీసుకోకుండా పిలిచిన అతిథికి అదే గాయమైతే మీ పాలసీలోని లయబిలిటీ, మెడికల్ పేమెంట్స్ భాగాలు ఆదుకుంటాయి. ఆ పరిమితులు ఎంతో ఏజెంట్‌ను అడిగి రాతలో తెప్పించుకోండి. ఒకరు ఆడుతుండగా ఇంకొకరు, ముఖ్యంగా పిల్లలు, మ్యాట్ దగ్గరికి రాకుండా నేలమీద గీత గీయించండి.