కరాటే సాధన చేయడానికి, నేర్పడానికి నా సొంత కారణాలు

ఆత్మరక్షణ కోసమే అయితే ఇన్నేళ్ల సాధన అవసరమా, ఉద్యోగం చేసుకుంటూ పిల్లలకు కరాటే నేర్పడం దేనికి అని మీరు అడిగారు. నేను గాజువాకలో ఉంటూ సాయంత్రాలు మా కాలనీ పిల్లలకు కరాటేలో షోటోకాన్ అనే శైలిని నేర్పుతున్నాను. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో స్నేహితుల వెంట వెళ్లి కరాటేలో చేరాను. అప్పట్లో అంతకు మించిన ఉద్దేశమేమీ లేదు.

మానకుండా కొనసాగడానికి కారణం మాత్రం జతగా చేసే కుమితే. ఒకరు ఎక్కడ కొట్టబోతున్నారో ముందే చెప్పి పిడికిలి విసురుతారు, రెండవవారు దానిని అడ్డుకొని ఎదురుదెబ్బ ఇస్తారు, ఆ దెబ్బ ఎదుటివారి శరీరాన్ని తాకకుండా కాస్త ముందే ఆగిపోవాలి. మెల్లగా కొట్టి ఆపడం ఎవరికైనా వస్తుంది. వెనుక మడమను నేలకు అదిమి, నడుము తిప్పి, పూర్తి బలంతో వదిలిన చేతిని అనుకున్న చోట నిలపాలంటే మాత్రం దూరాన్ని పాదాలతో కొలవడం అలవాటు కావాలి. షిఫ్టు ముగించుకొని ఎంత చిరాకుతో వచ్చినా ఆ గంటలో మరో ఆలోచనకు చోటుండదు, ఎందుకంటే నా మనసు పక్కకు మళ్లితే దెబ్బ తగిలేది నా మిత్రుడికి.

నేర్పడం వల్ల లాభపడింది ఎక్కువగా నేనే. ఒక చేత్తో కొడుతూ రెండవ చేతిని నడుము దగ్గరకు లాక్కోవడాన్ని హికితే అంటారు. దానిని మాస్టారు చెప్పినట్టే చేస్తూ వచ్చాను. ఒక పాప, "ఆ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకోవచ్చు కదా మాస్టారూ?" అని అడిగినప్పుడు కటాలోని (ఒంటరిగా, వరుస తప్పకుండా చేసే సాధనలోని) కదలికలను మళ్లీ జతగా చేసి చూశాను. ఎదుటివారి చేతిని పట్టి మన వైపు లాగితే వారు తూలుతారు, సరిగ్గా ఆ క్షణంలో మన రెండవ పిడికిలి వెళ్తుంది. పోటీల్లో పట్టుకోవడానికి వీలు తక్కువ కాబట్టి అక్కడ పాప మాటే సరైనది.

తల్లిదండ్రులు మొదట అడిగేది బ్లాక్ బెల్ట్ ఎన్నాళ్లకు వస్తుందని. ఆ బెల్టుల పద్ధతి కరాటేకు జూడో నుంచి వచ్చింది. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించిన ఒకినావా బడిపంతులు గిచిన్ ఫునకోషి 1924లో తన శిష్యులకు తొలి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. మొదటి డాన్, అంటే బ్లాక్ బెల్టులో తొలి స్థాయి, వచ్చిందంటే ప్రాథమికాంశాలు వచ్చాయని అర్థం, అంతే.

ఇక ఆత్మరక్షణ సంగతి. రెండు నెలల్లో నేర్పమని వచ్చే ఆడపిల్లలకు, పట్టుకున్న మణికట్టును అవతలివారి బొటనవేలి వైపు నుంచి విడిపించుకోవడం, గట్టిగా అరవడం, జనం ఉన్న వైపు పరుగెత్తడం నేర్పుతాను. అంత తక్కువ కాలంలో బలవంతుడిని ఎదిరించి గెలవవచ్చని చెప్పే శిక్షకులను నేను నమ్మను, వారి దగ్గరకు ఎవరినీ పంపను.