ఫ్రీ సర్వీసే కదా అని డీలరు చేతులు దులుపుకోవచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఒంగోలులో కొన్న బైకును ఎనిమిది నెలల క్రితం ఇక్కడికి తెచ్చుకున్నాను. కిందటి నెల ఇక్కడి అధీకృత డీలరు వద్ద మూడో ఉచిత సర్వీసు చేయించాను. ఆయిలుకు, ఎయిర్ ఫిల్టరుకు మాత్రం డబ్బు తీసుకున్నారు. మర్నాటి నుంచి యాక్సిలరేటర్ వదిలినా వెంటనే వెనక్కి రావడం లేదు. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పితే ఇంజను దానంతట అదే రేజ్ అవుతోంది. సిల్క్ బోర్డు దగ్గర మలుపులో ఆటోను తప్పించబోయి పడ్డాను. మోచేయి గీరుకుపోయింది, క్లచ్ లివర్ విరిగింది. బండి చూపిస్తే, "కేబుల్ కాస్త బిగించాం, వాడేకొద్దీ సర్దుకుంటుంది" అని ఏదో స్ప్రే కొట్టి పంపారు. అడ్వైజరు నెల్లూరు ఆయనే, నేను చూసుకుంటానని మాట ఇచ్చారు, కాగితం ఏమీ ఇవ్వలేదు. మళ్లీ అదే తీరు. ఇప్పుడేమో నేను బయట వేయించిన గ్రిప్ కవర్ల వల్లే ఇలా అవుతోందని, పైగా అది ఫ్రీ సర్వీసు కాబట్టి తమకు సంబంధం లేదని అంటున్నారు. బండి తీసుకునేటప్పుడు 'పని తృప్తికరం' అన్నచోట సంతకం పెట్టాను. ఏపీ నంబరు బండితో ఇక్కడ కేసు వేస్తే మీకే చిక్కని కూడా అంటున్నారు. కొత్త బండి ఇమ్మని అడగవచ్చా?

జవాబు: ముందు బండిని నడపడం ఆపండి. ప్రాణభయం ఒక కారణమైతే, చట్టం వైపు నుంచి మరో కారణం ఉంది. లోపం ఉందని తెలిసీ నడిపి ఎవరికైనా తగిలిస్తే, అప్పుడు వేలు మొదట చూపేది మీ వైపే. "తెలిసి కూడా రోడ్డు మీదికి తెచ్చారు" అన్న ఒక్క మాటతో డీలరు సగం బయటపడతారు. సర్వీసు సెంటరుకు టోయింగ్ బండిలో పంపండి. ఆ రసీదు దాచండి, తర్వాత అడగవలసిన సొమ్ములో అదీ ఒకటి.

ఇక అసలు విషయం. వారు రెండు మాటలు చెప్పారు: మొదట కేబుల్ బిగించామన్నారు, తర్వాత గ్రిప్ కవర్ల తప్పన్నారు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. గ్రిప్ కవరు లావుగా ఉండి స్విచ్ పెట్టెకో, హ్యాండిల్ చివరి బరువుకో ఒరుసుకుంటే యాక్సిలరేటర్ ఆలస్యంగా వెనక్కి రావచ్చు, అంతవరకు వారి వాదనలో పస ఉంది. కానీ హ్యాండిల్ తిప్పినంత మాత్రాన ఇంజను రేజ్ కావడానికి కవరు కారణం కాలేదు. థ్రాటిల్ (యాక్సిలరేటర్) కేబుల్‌లో ఉండవలసిన సందు లేకపోయినా, పని చేసేటప్పుడు దాన్ని తప్పు దారిలో తెచ్చి ఇరికించినా, హ్యాండిల్ తిరిగినప్పుడు కేబుల్ లాగబడి ఇలా జరుగుతుంది. చాలా బైకులకు ఆ సందు కొద్ది మిల్లీమీటర్లే. మీ బండికి ఎంత ఉండాలో యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి.

కాబట్టి చేయవలసిన పరీక్ష ఇది. బండి సర్వీసు సెంటరుకు చేరాక అడ్వైజరు ఎదుటే గ్రిప్ కవర్లు తీసేయండి. సెంటరు స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను ఒక కొస నుంచి మరో కొసకు నెమ్మదిగా తిప్పించండి. ఆర్‌పీఎం ముల్లు, హ్యాండిల్, బండి నంబరు ఒకే వీడియోలో కనిపించాలి. కవర్లు లేకుండానే రేజ్ పెరిగితే వారి వాదన అక్కడికక్కడే కూలిపోతుంది. పెరగకపోతే మీ కేసు బలహీనమని మీకూ ముందే తెలుస్తుంది, అదీ లాభమే. వీడియోను వాట్సాప్‌లో పంపినా, తీసిన ఫోనులోని అసలు ఫైలును చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాలి.

పరీక్ష అయ్యాక కొత్త జాబ్ కార్డు (ఫిర్యాదు, చేయవలసిన పని రాసుకునే సర్వీసు కాగితం) తెరిపించండి. "యాక్సిలరేటర్ వెనక్కి రావడం లేదు, ఎడమకు తిప్పితే రేజ్ అవుతోంది, సర్వీసు మర్నాటి నుంచి" అని మీ మాటల్లోనే రాయించండి. 'సాధారణ తనిఖీ' అని రాస్తే సంతకం పెట్టకండి. ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు. ఉచితంగా సరిచేస్తామంటే సంతోషంగా ఒప్పుకుంటారు. బండి బాగవుతుంది, లోపానికి సాక్ష్యమూ దానితోపాటే పోతుంది. సరిచేయనివ్వండి, కానీ ఏం మార్చారో, ఏం సర్దారో బిల్లులో ఉండాలి. తీసిన కేబుల్‌ను అడిగి తీసుకోండి. వారంటీ కింద మార్చిన భాగాన్ని కంపెనీకి పంపాలంటే ఆ సంగతి రాతలో తీసుకోండి. నెల్లూరాయన మాట మంచిదే కావచ్చు, ఆయన వచ్చే నెల మరో షోరూముకు మారితే ఆ మాటకు సాక్షి ఉండడు. "కేబుల్ బిగించామని, సర్దుకుంటుందని ఫలానా రోజు మీరు చెప్పారు" అని ఈరోజే ఈమెయిలు పంపండి. వారు దాన్ని ఖండించకుండా ఊరుకుంటే ఆ మౌనం కూడా రేపు మీకు పనికొస్తుంది.

రాతపూర్వకంగా ఏమీ ఇవ్వమని మొండికేస్తే, అదే కంపెనీకి చెందిన మరో డీలరు వద్ద తనిఖీ చేయించి నివేదిక తీసుకోండి. వీధి చివరి మెకానిక్ దగ్గరికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు, బయటివాళ్లు చెయ్యి పెట్టారన్న సాకు డీలరుకు దొరుకుతుంది.

'ఫ్రీ సర్వీసు' వాదన మీద భయం అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నిర్వచనంలో పూర్తి ఉచిత సేవ రాదన్నది నిజమే. కానీ ఈ సర్వీసు దానం కాదు. బైకు అమ్మినప్పుడు ఒప్పుకున్న షరతుల్లో భాగం, దాని ఖర్చు మీరు కట్టిన ధరలోనే ఉంది. పైగా అదే రోజు ఆయిలుకు, ఫిల్టరుకు బిల్లు కట్టారు. ఇక ఆ సంతకం. బండి కడిగి ఇచ్చారని, కనిపించే పని జరిగిందని మీరు ఒప్పుకున్నారు, అంతే. రోడ్డు మీద నడిపితేగాని బయటపడని లోపాన్ని మాఫీ చేసినట్టు కాదు.

కొత్త బండి అడగవద్దు. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు, లోపం ఉన్న భాగాన్ని మార్చితే సరిపోయేచోట మొత్తం వాహనాన్ని మార్చమనడం కుదరదని చెప్పింది. మీది కేబుల్ తగాదా. పెద్ద కోరిక కోరితే చిన్న న్యాయం కూడా ఆలస్యమవుతుంది. సరైన మరమ్మతు, టోయింగ్, లివర్, వైద్యం ఖర్చులు, బండి లేని రోజుల ప్రయాణ ఖర్చు, కొంత నష్టపరిహారం, కేసు ఖర్చులు: ఇంతవరకు అడగండి. లివర్ కోసం బీమా క్లెయిము చేయకండి, రెన్యువల్‌లో వచ్చే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోగొట్టుకోవడమే మిగులుతుంది.

మొదట డీలరుకు, కంపెనీ కస్టమర్ కేర్‌కు 15 రోజుల గడువుతో లేఖ పంపండి. లాయరు నోటీసే ఉండాలని చట్టంలో లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 34వ సెక్షను ప్రకారం మీరు నివసించేచోట గానీ, ఉద్యోగం చేసేచోట గానీ వేయవచ్చు. సర్వీసు జరిగిందీ బెంగళూరులోనే కనుక ఒంగోలు ఆలోచన పెట్టుకోకండి. చెల్లించిన విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా దాఖలు చేయవచ్చు, స్వయంగా వాదించుకోనూ వచ్చు. సర్వీసు చేసిన డీలరును, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. అమ్మిన ఒంగోలు డీలరు అక్కర్లేదు, సంబంధం లేనివారిని లాగితే నోటీసులు అందించడంలోనే నెలలు గడుస్తాయి. చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందనుకోండి.

ఇక ఏపీ నంబరు బెదిరింపు. సేవాలోపానికీ, నంబరు ప్లేటుకూ సంబంధం లేదు, కమిషన్ దాన్ని అడగదు. కానీ మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఇతర రాష్ట్రపు బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. మీకు ఇంకా నాలుగు నెలల వ్యవధి ఉంది. ఒంగోలు ఆర్టీఏ నుంచి నిరభ్యంతర పత్రానికి ఇప్పుడే దరఖాస్తు చేయండి.