ఫుట్‌బాల్ అంటున్నాడు, ముప్పై ఏళ్లకి ఏమైపోతాడు?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. హైదరాబాద్ ఏ డివిజన్ రహీమ్ లీగ్‌లో స్ట్రైకర్‌గా ఆడుతున్నాడు. వేరే రాష్ట్రంలోని ఒక ఐ-లీగ్ 2 (దేశంలో మూడో అంచె లీగ్) క్లబ్ ట్రయల్స్‌కి రమ్మంది. సెలెక్టయితే తిండి, వసతి పోను నెలకు 15 వేలు ఇస్తారట. ఇంకో ఏజెంటు స్పెయిన్‌లో ఏడాది అకాడమీ, అక్కడి క్లబ్బుల్లో ట్రయల్స్, అంతా కలిపి 14 లక్షలు అంటున్నాడు. చదువు సంగతి ఎత్తితే వాడు కింది లీగ్ నుంచి ఎదిగిన ఇంగ్లండ్ స్ట్రైకర్ జేమీ వార్డీ కథ చెప్తాడు. కోపమొచ్చి వాడి బూట్లు బీరువాలో పెట్టి తాళం వేశాను. నెల రోజులుగా మా మధ్య మాటల్లేవు. బీటెక్, ఐ-లీగ్ 2, స్పెయిన్: ఈ మూడింటినీ పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, కుషాయిగూడ)

జవాబు: ముందు ఆ బీరువా తాళం తీయండి. బూట్లు వాడి చేతికిచ్చాక మిగతాది చదవండి. తాగొచ్చిన పిల్లాణ్ణి కట్టడి చేసినట్టు, పొద్దున్నే ఐదింటికి లేచి గ్రౌండుకి పరిగెత్తే పిల్లాణ్ణి కట్టడి చేస్తారా? ఒక క్లబ్ మీ వాడి ఆట చూసి కబురు పెట్టిందంటే, ఆ వయసు పిల్లల్లో అది ఎంతమందికి దక్కుతుందో ఒక్కసారైనా కనుక్కున్నారా? నెల రోజుల మౌనం వాడు మొదలుపెట్టింది కాదు, మీరు మొదలుపెట్టింది. మీరే ఆపాలి.

మీ బెంగ నాకు తెలుసు. పోల్చమని రాశారు గానీ, మీకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది 'ముప్పై ఏళ్లకి వీడేం చేస్తుంటాడు' అన్న ప్రశ్న. ఇన్నేళ్లలో నా ముందు కూర్చున్న తల్లిదండ్రుల్లో సగం మంది అడిగింది ఇదే. దానికే జవాబు చెప్తాను.

స్పెయిన్ మాట ముందు తేల్చేద్దాం. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే ప్రతి ఫుట్‌బాల్ పిల్లాడి ఫోన్‌లోనూ ఇలాంటి ఏజెంటు నంబరు ఒకటి ఉంటోంది. మీకు ఆ ఏజెంటు చెప్పని సంగతి ఒకటుంది. 18 నిండని ఆటగాణ్ణి విదేశీ క్లబ్‌లో రిజిస్టర్ చేయడం ఫిఫా నిబంధనల ప్రకారం కుదరదు. ఉన్న కొద్ది మినహాయింపుల్లో ముఖ్యమైనది, ఆటతో సంబంధం లేని కారణంతో తల్లిదండ్రులు ఆ దేశానికి కాపురం మార్చడం. మీరు మీ ఉద్యోగం వదిలి బార్సిలోనాకి మారడం లేదు కదా? అలాంటప్పుడు పద్దెనిమిది నిండేదాకా వాడు ట్రయల్స్‌లో ఎంత బాగా ఆడినా ఆ క్లబ్ సంతకం పెట్టించుకోలేదు. మరి 14 లక్షలు దేనికి? హాస్టలుకి, ప్రాక్టీసుకి, ఫొటోలకి.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి ప్లాటు అమ్మి కొడుకుని ఇలాగే పంపింది. వాడు తిరిగొచ్చాక నా టేబుల్ మీద ఒక సర్టిఫికెట్ పెట్టాడు. మడత పడకుండా లామినేషన్ చేయించాడు. అందులో ఉన్నదల్లా 'శిక్షణలో పాల్గొన్నాడు' అన్న ఒక్క ముక్క. ఆ కాగితం చూపిస్తే మన దగ్గర ఏ క్లబ్బూ తలుపు తీయలేదు. ఆ తల్లి ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను. క్లబ్ వాడికి డబ్బిస్తానంటే ఆలోచించండి. ఎవరైనా మిమ్మల్ని డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి.

బైచుంగ్ భూటియా సంగతి చూడండి. 1999లో ఇంగ్లండ్ మూడో అంచె క్లబ్ బరీకి వెళ్లేనాటికే అతను మన దేశపు మేటి స్ట్రైకర్. అంతటివాడు అక్కడ మూడేళ్లలో లీగ్‌లో కొట్టినవి మూడు గోల్స్. అతణ్ణి చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. కింది లీగ్ అంటే తేలిక లీగ్ అనుకోవద్దని చెప్తున్నాను.

మీ వాడు చెప్పే వార్డీ కథ నిజమే, కానీ సగమే చెప్తున్నాడు. చిన్నప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ వద్దనుకున్న పిల్లాడు స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న క్లబ్‌లో వారానికి 30 పౌండ్లకి ఆడాడు. పగలు ఫ్యాక్టరీలో పని. 2012లో లెస్టర్ క్లబ్ కొనేసరికి అతనికి పాతికేళ్లు. అంటే ఆ ఏళ్లలో చాలావరకు చేతిలో ఇంకో పని ఉంది. ఆ భాగం కూడా మీ వాడితో చెప్పించుకుని వినండి. మాటలు కలవడానికి అదో దారి.

ఇక ఐ-లీగ్ 2. ఇక్కడ కాంట్రాక్టు చాలావరకు ఒక్క సీజన్‌కే. సీజన్ అయ్యాక మళ్లీ వెతుక్కోవాలి. మోకాల్లో లిగమెంట్ తెగితే ఏడాది పోయినట్టే. స్ట్రైకర్‌కి ఇంకో కష్టం ఉంది. మన క్లబ్బులు విదేశీ ఆటగాణ్ణి కొనేదే ఎక్కువగా ముందు వరసకి. మన పై లీగ్ ఐఎస్ఎల్ 2014లో మొదలైంది. 2024-25 దాకా ఒక్క సీజన్‌లోనూ ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ భారతీయుడికి రాలేదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచినప్పుడు 18 గోల్స్ కొట్టిందీ నైజీరియా ఆటగాడు ఒగ్‌బెచే. ఆ క్లబ్ నాలుగేళ్లు తిరక్కుండా ఊరే మారి ఢిల్లీ టీమ్ అయిపోయింది. అందుకని మీ వాడు వింగ్‌లో (మైదానం అంచున) ఆడటం కూడా ఇప్పుడే నేర్చుకోవాలి. కోచ్‌ని అడగమనండి.

ఇంత చెప్పాక భయపడతారేమో. భయపడొద్దు. 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో రాష్ట్ర జట్ల టోర్నీ సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. ఇంజురీ టైమ్ దాకా గోల్ లేదు. చివర్లో బెంగాల్ స్ట్రైకర్ రాబి హన్స్‌దా కొట్టాడు, కేరళ మీద గెలిచారు. ఆ టోర్నీలో అతనివి 12 గోల్స్. ఐఎస్ఎల్ స్టార్ కాదతను. ఆ తర్వాత ఆ జట్టు కుర్రాళ్లకి బెంగాల్ ప్రభుత్వం ఉద్యోగాలు ప్రకటించింది. మన దేశంలో కింది లీగ్ ఆటగాడి బతుకు ఎక్కువగా ఇలాగే కుదుటపడుతుంది: రాష్ట్ర జట్టు, అక్కణ్ణుంచి రైల్వే, పోలీస్, సర్వీసెస్ (సైన్యం), స్పోర్ట్స్ కోటా. మన ఊళ్లో ఇది కొత్తేం కాదు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు అప్పటి పెద్ద టోర్నీ రోవర్స్ కప్ గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ జట్టుని తీర్చిదిద్దిన రహీమ్ సాబ్ పేరు మీదున్న లీగ్‌లోనే మీ అబ్బాయి ఆడుతున్నాడు.

బీటెక్ గురించి ఒక్క మాటే. 75 శాతం హాజరుతో పాటు ఈ ఆట సాగదు. ఎప్‌సెట్ రాయనివ్వండి, కానీ వాడు క్లబ్‌కి ఎంపికైతే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి కట్టించండి. ఆడుతూనే పూర్తవుతుంది. పద్దెనిమిది నిండాక ఏఐఎఫ్ఎఫ్ (జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య) వారి డి లైసెన్స్ కోచింగ్ కోర్సు చేయమనండి. ముప్పై ఏళ్లకి డిగ్రీ, కోచింగ్ లైసెన్స్, పదేళ్ల ఆట అనుభవం ఉన్న మనిషి ఖాళీగా కూర్చోడు. బడుల్లో, అకాడమీల్లో పని దొరికిన అలాంటివాళ్లని నేను చూశాను.

ట్రయల్స్ ఎప్పుడో మీరు రాయలేదు. తేదీ వాణ్ణే అడగండి. రెండు రైలు టికెట్లు తీయండి, ఒకటి మీకు. వాడు లోపల ఆడుతుంటే మీరు క్లబ్ ఆఫీసులో కూర్చుని కాంట్రాక్టు కాగితం చదవండి. జీతం ఏ నెల నుంచి ఏ నెల దాకా, దెబ్బ తగిలితే ఆపరేషన్ ఖర్చెవరిది, ఏఐఎఫ్ఎఫ్ దగ్గర రిజిస్టర్ చేస్తారా, ఇవి అడగండి. 18 లోపు వాడితో మూడేళ్లకు మించిన కాంట్రాక్టు రాయించుకోకూడదు, అదీ చూడండి. నోటిమాట జీతం నమ్మొద్దు. కాగితం మీద ఉంటే, రేపు జీతం ఆగినా ఏఐఎఫ్ఎఫ్ ప్లేయర్ స్టేటస్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. సంతకం అక్కడికక్కడే పెట్టేయకండి. రెండు రోజులు గడువు అడిగి, ఆ కాగితం ఫొటో నాకు పంపండి.