పాత ఫోన్లు, టీవీలు చెత్తలో పడేస్తే కాలుష్యం ఎలా అవుతుంది?

పాత ఫోను ఇంట్లో ఓ మూలన పడి ఉంటే పెద్ద ప్రమాదం లేదు. దాన్ని పగలగొట్టినప్పుడు, కాల్చినప్పుడు, చెత్తగుట్టలో వానకు నానినప్పుడే అసలు సమస్య మొదలవుతుంది. పాత డబ్బా టీవీల గాజులో, పాత సర్క్యూట్ బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. తొలినాళ్ల ఎల్‌సీడీ తెరల వెనక వెలిగే సన్నని దీపాల్లో పాదరసం, కొన్ని రీచార్జబుల్ బ్యాటరీల్లో కాడ్మియం ఉంటాయి. ఇవి మట్టిలోకి, అక్కడి నుంచి భూగర్భ జలాల్లోకి దిగుతాయి. లోహాలు కదా, కుళ్లి మాయమైపోవు.

ఇంతకన్నా ఘోరం, రాగి కోసం వైర్లను ఆరుబయట తగలబెట్టడం. వాటి పైతొడుగు చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్. అది కాలితే డయాక్సిన్లు అనే విష రసాయనాలు పుడతాయి. బంగారం కోసం బోర్డులను యాసిడ్‌లో నానబెట్టి, మిగిలిన ద్రవాన్ని కాలవల్లో పారబోసేవాళ్లూ ఉన్నారు. ఈ పనుల్లో పిల్లలు కూడా ఉంటారు. సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, ఆ నష్టం మళ్లీ పూడదు.

2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు వచ్చాయని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది అందులో నాలుగో వంతు కూడా లేదు. అందుకే పాత వస్తువులను అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికే ఇవ్వండి. లిథియం బ్యాటరీలనైతే అసలు చెత్తబుట్టలో వేయొద్దు, నలిగితే చెత్తబండిలోనే అంటుకునే ప్రమాదం ఉంది.