హైదరాబాద్ నుంచి బెంగళూరుకు: ఫ్లాటు కొనేముందు చూడవలసిన కాగితాలు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా వారికి బెంగళూరు బదిలీ అయింది. ఇక్కడ పన్నెండేళ్లుగా ఉంటున్న సొంత ఫ్లాటును అమ్మి అక్కడ కొనాలనుకుంటున్నాము. చూసినవాటిలో రెండు నచ్చాయి. ఒకటి 80 లక్షలు. దాదాపు అంతే విస్తీర్ణం ఉన్న రెండోది 62 లక్షలే గానీ, దానికి ‘బి ఖాతా’ ఉందంటున్నారు. వేరే రాష్ట్రం వాళ్లమని మాకు అదనపు సుంకం పడుతుందా? ఇక్కడిలాగే లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలను చూపే పత్రం) చూసుకుంటే చాలా? దస్తావేజులో మా అత్తగారి పేరు కూడా ఉండాలి, కానీ ఆవిడ అంత దూరం ప్రయాణం చేయలేరు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సుంకం సంగతి ముందు చెప్పేస్తాను. హిమాచల్ ప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో బయటివారు స్థిరాస్తి కొనడానికి ఆంక్షలున్నాయి గానీ, కర్ణాటకలో ఫ్లాటు కొనడానికి అక్కడివారై ఉండాలన్న నిబంధన ఏదీ లేదు; సుంకమూ అందరికీ ఒకటే. తెలంగాణలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం అవుతుంది. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఫ్లాటుకు స్టాంపు సుంకం 5 శాతం, ఆ సుంకం మీద సెస్సు, సర్‌చార్జి, 2025 ఆగస్టు చివర ఒక శాతం నుంచి రెండు శాతానికి పెంచిన రిజిస్ట్రేషన్ రుసుము కలుపుకుంటే నగరంలో సుమారు 7.6 శాతం. 80 లక్షల మీద ఆ తేడా ఎనిమిది వేల రూపాయలు మాత్రమే.

అసలు తేడా కాగితాల్లో ఉంది. హైదరాబాద్‌లో మనకు అలవాటు లేని ‘ఖాతా’ అనే పత్రం చుట్టూ బెంగళూరు లావాదేవీలన్నీ తిరుగుతాయి. అది నగరపాలక సంస్థ ఆస్తి పన్ను కోసం నిర్వహించే నమోదు. దానికదే యాజమాన్య హక్కు ఇవ్వదు. అయితే ఇప్పుడు ఇ-ఖాతా, అంటే దాని ఎలక్ట్రానిక్ రూపం, లేనిదే అక్కడ రిజిస్ట్రేషన్ జరగదు. అనుమతులు సక్రమంగా ఉన్న ఆస్తులు ‘ఏ’ (A) ఖాతాలోనూ, లేఅవుట్‌కో భవనానికో అనుమతుల్లో లోపం ఉన్నా పన్ను మాత్రం వసూలు చేస్తున్నవి బి ఖాతాలోనూ ఉంటాయి. రెండో ఫ్లాటు 18 లక్షలు తక్కువకు రావడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది. చాలా బ్యాంకులు బి ఖాతా ఆస్తికి రుణం ఇవ్వవు. రేపు మీ దగ్గర కొనవలసినవారికీ అదే ఇబ్బంది ఎదురవుతుంది. త్వరలో ‘ఏ’ ఖాతాకు మారుతుందని అమ్మేవారు చెబితే, మారిన తరువాతే మాట్లాడుకుందామని మర్యాదగా చెప్పండి. నా మటుకు నేను ఆ ఫ్లాటు కొనమని సలహా ఇవ్వలేను.

అయితే ‘ఏ’ ఖాతా ఉందన్న ధైర్యంతో 80 లక్షల ఫ్లాటుకూ తొందరపడి బయానా ఇవ్వకండి. భవనానికి నివాసయోగ్యతా పత్రం, అంటే అందరూ ఓసీ అనేది, తప్పక అడగండి. అది లేకుండానే జనం కాపురముంటున్న భవనాలు బెంగళూరులో ఎన్నో ఉన్నాయి; పక్కింటివారు ఉంటున్నారు గదా అన్నది హామీ కాదు. ఈసీని కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి ‘కావేరి’ పోర్టల్‌లో తీసుకోవచ్చు. లావాదేవీలుంటే ఫారం 15, లేకుంటే ఫారం 16 ఇస్తారు. మనం లింకు డాక్యుమెంట్లనేవాటిలో మొట్టమొదటిదాన్ని అక్కడ ‘మదర్ డీడ్’ అంటారు. పాత దస్తావేజులు తరచు కన్నడంలో ఉంటాయి కనుక స్థానిక న్యాయవాదికి చూపించడానికయ్యే ఖర్చుకు వెనకాడవద్దు.

రిజిస్ట్రేషన్ ఆస్తి ఉన్న జిల్లాలోని సబ్ రిజిస్ట్రార్ దగ్గరే జరగాలి. అయినా మీ అత్తగారు రానక్కరలేదు: హైదరాబాద్‌లో తాను నివసించే పరిధిలోని సబ్ రిజిస్ట్రార్ ఎదుట సంతకం చేసి, ధ్రువీకరణ పొందిన పవర్ ఆఫ్ అటార్నీని మీ వారి పేర ఇస్తే చాలు. శారీరకంగా అశక్తులైతే అధికారి ఇంటికే వచ్చి ధ్రువీకరించే వీలు కూడా చట్టంలో ఉంది.

రాష్ట్రం మారినా మారనివీ ఉన్నాయి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు ఒక శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి జమ చేయాలి; కూకట్‌పల్లి ఫ్లాటు అమ్మేటప్పుడు మీకు రావలసిన సొమ్ములోనూ ఇదే నియమం ప్రకారం కోత పడవచ్చు. ఆ ఫ్లాటు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక మూలధన లాభంతో భారతదేశంలో ఎక్కడ ఇల్లు కొన్నా, అమ్మిన నాటికి ముందు ఏడాదిలోగానీ తరువాత రెండేళ్లలోగానీ కొన్నట్లయితే, పన్ను మినహాయింపు కోరవచ్చు. అంటే ఓసీ చేతికి రావడానికి మూడు నెలలు పట్టినా, ఆగడం వల్ల మీకు పన్ను విషయంలో నష్టం లేదు.