కరెంటు అమ్మకం పెన్షన్ అవుతుందా?

ప్రశ్న: నా వయసు 56. రిటైర్మెంట్‌కు ఇంకా నాలుగేళ్లుంది. నేను, నా భార్య ఇద్దరం ఉద్యోగస్తులం. ఏడాదిన్నర క్రితం దాచుకున్న డబ్బుతో ఇంటిపైన 5 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. మిగులు కరెంటు గ్రిడ్‌కు అమ్ముకోవచ్చు, క్రమం తప్పకుండా ఆదాయం వస్తుంది అన్నారు. వస్తోంది గానీ అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. మేం యూనిట్ కొనే ధర పది అనుకుంటే, మా యూనిట్‌కు ఇచ్చేది నాలుగే. పోయిన ఏడాది 7,000 యూనిట్లు తయారయ్యాయి, 5,000 గ్రిడ్‌కు వెళ్లాయి, మేం 4,000 కొన్నాం. ఇప్పుడు పెట్టించిన కంపెనీవాళ్లే ఇంకో 5 కిలోవాట్లు వేస్తే మీ ఆదాయం రెట్టింపు దాటుతుంది, లోను కూడా ఇప్పిస్తాం అంటున్నారు. రిటైరయ్యాక దాన్ని పెన్షన్‌లా చూసుకోవచ్చా? లేక బ్యాటరీ పెట్టించుకోవడం మేలా?

జవాబు: రెండో 5 కిలోవాట్ల కోసం లోను తీసుకోవద్దు. బ్యాటరీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీరు పంపిన అంకెల్లోనే ఒక విషయం ఉంది, చూడండి.

7,000 యూనిట్లలో 5,000 బయటికి పోయాయంటే మిగతా 2,000 మీ ఇంట్లోనే ఖర్చయ్యాయి. వాటికి ఎవరూ మీ ఖాతాలో డబ్బు వేయరు కాబట్టి మీ లెక్కలోకి రాలేదు. కానీ ప్యానెళ్లు లేకపోతే ఆ 2,000 యూనిట్లనూ పది చొప్పున కొనాలి, అంటే 20,000 కట్టాలి. అమ్మిన 5,000 యూనిట్లకు నాలుగు చొప్పున వచ్చిందీ 20,000 మాత్రమే. (అవి రూపాయలా, డాలర్లా అన్నది వదిలేయండి, ఇక్కడ నిష్పత్తి ముఖ్యం.) మీకు ఏటా 40,000 లాభం ఉంది, అందులో సగమే కంటికి కనిపిస్తోంది. ఆ కనిపించని సగం 2,000 యూనిట్ల నుంచి వచ్చింది. కనిపించే సగం రావడానికి దానికి రెండున్నర రెట్ల కరెంటు పోయింది.

ఇలా ఎందుకు జరుగుతుందో మీ ఇంట్లో ఒక్క రోజు చూస్తే తెలిసిపోతుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు మీ ప్యానెళ్లు మూడున్నర కిలోవాట్లు ఇస్తున్నాయనుకోండి. తాళం వేసిన ఇంట్లో ఫ్రిజ్, వైఫై రౌటర్ తప్ప ఏమీ నడవడం లేదు. ఆ గంటలో మూడు యూనిట్లకు పైనే నాలుగు ధరకు బయటికి వెళ్లిపోతాయి. రాత్రి ఎనిమిదికి ఇద్దరూ ఇల్లు చేరతారు, ఏసీ, వాషింగ్ మెషీన్, గీజరు అన్నీ ఒకేసారి మొదలవుతాయి. మధ్యాహ్నం నాలుగు ధరకు ఇచ్చేసిన మూడు యూనిట్లనే ఇప్పుడు పది ధరకు కొనుక్కుంటారు. "నెలకు 580 యూనిట్లు తయారు చేశాం, 500 వాడాం, ఇంకా 80 మిగిలాయి కదా, బిల్లెందుకు?" అని చాలామంది అడుగుతారు. మీ మీటరులో ఇంపోర్ట్ (గ్రిడ్ నుంచి కొన్నది), ఎక్స్‌పోర్ట్ (గ్రిడ్‌కు పంపినది) రెండు వేరు వేరు అంకెలు. ఒకదాన్ని పది పెట్టి, ఇంకోదాన్ని నాలుగు పెట్టి గుణిస్తారు. పైగా ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ ఉంటాయి. ఎంత కరెంటు అమ్మినా అవి పోవు.

యూనిట్‌కు యూనిట్ చెల్లు వేసే నెట్ మీటరింగ్ ఉన్నచోట ఈ తేడా ఉండదు. మీకు సోలార్ అమ్మినవాళ్లు బహుశా ఆ పద్ధతిని మనసులో పెట్టుకునే ఆదాయం లెక్కగట్టి ఉంటారు. కాగితం మీద ఏం రాసిచ్చారో ఒకసారి తీసి చూసుకోండి.

ఇక రెండో 5 కిలోవాట్ల సంగతి. ఆదాయం రెట్టింపు దాటుతుందన్న మాట అబద్ధం కాదు. ఖాతాలో పడే 20,000 కాస్తా 48,000 అవుతుంది. అయితే పగలు మీ ఇంటికి కావలసిన కరెంటును మొదటి ప్యానెళ్లే ఇస్తున్నాయి. కొత్తవాటి నుంచి వచ్చే 7,000 యూనిట్లలో దాదాపు అన్నీ నాలుగు ధరకే పోతాయి. మొదటి 5 కిలోవాట్లు ఏటా 40,000 విలువ చేస్తే, ఇంచుమించు అదే ఖర్చుతో వేసే రెండోవి 28,000 మాత్రమే చేస్తాయి. అదీ అన్నీ సవ్యంగా జరిగితేనే. చాలాచోట్ల ఒక ఇంటి నుంచి గ్రిడ్‌కు ఎంత పంపొచ్చో పరిమితి ఉంటుంది. అది దాటితే, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరే ఉత్పత్తిని తగ్గించేస్తుంది, మధ్యాహ్నపు ఎండ వృథా. అమ్మిన కరెంటు మీద వచ్చే డబ్బును ఆదాయంగా చూసి పన్ను వేసే దేశాలూ ఉన్నాయి. కొనకుండా మిగిలిన యూనిట్‌కు మాత్రం సాధారణంగా పన్ను ఉండదు.

అసలు ఇబ్బంది ఇంకొకటుంది. ఈఎంఐ కట్టాల్సిందే, ఒక్క నెల ఆగదు. అమ్మకం ధర మాత్రం మీ చేతిలో లేదు. ఈ పాతికేళ్లలో ఒక్కో దేశంలో ఏమైందో చూడండి. జర్మనీ 2000లో చట్టం చేసి సోలార్ కరెంటుకు 20 ఏళ్ల పాటు మారని ధర ఇచ్చింది. అప్పుడు చేరినవాళ్లు నిజంగానే పెన్షన్‌లా అందుకున్నారు. బ్రిటన్ 2010 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పథకంలో ఇంట్లో వాడుకున్న యూనిట్‌కు కూడా డబ్బిచ్చేవారు. 2019లో కొత్తవాళ్లకు ఆ తలుపు మూసేశారు. ఆ తర్వాత 2020లో వచ్చిన పథకంలో గ్రిడ్‌కు పంపిన యూనిట్లకే డబ్బు, ఎంతన్నది కరెంటు కంపెనీల ఇష్టం. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ తర్వాత దరఖాస్తు చేసుకున్న ఇళ్లకు మిగులు కరెంటుకిచ్చే విలువ దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. నెదర్లాండ్స్ 2027 జనవరి 1 నుంచి నెట్ మీటరింగ్ ఎత్తేస్తోంది. వీళ్లంతా మాట తప్పారని కాదు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం అందరి ఇళ్ల మీదా ఒకేసారి కరెంటు పుడుతుంది, అందరూ ఒకేసారి అమ్ముతారు. సంతలో అందరూ ఒకే కూరగాయ తెస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. అందుకే కొత్త ప్యానెళ్లు పెరిగేకొద్దీ మధ్యాహ్నం యూనిట్ విలువ తగ్గే అవకాశమే ఎక్కువ. తగ్గే ఆదాయాన్ని నమ్ముకుని ఈఎంఐ నెత్తినెత్తుకుంటే రిటైరయ్యాక టెన్షన్ తప్పదు.

మరి ఏం చేయాలంటే, పెద్దగా ఖర్చు లేనిది ముందు చేయండి. రోజుకు మూడుంబావు యూనిట్ల వాడకాన్ని రాత్రి నుంచి పగటికి జరపండి. 2 కిలోవాట్ల గీజరు ముప్పావుగంట నడిస్తే యూనిట్టున్నర, వేడి నీళ్లతో ఒక విడత బట్టలు ఉతికితే సుమారు ఒక యూనిట్, ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారు గంట నడిస్తే ముప్పావు యూనిట్. మూడింటికీ టైమర్లు దొరుకుతాయి. చాలా వాషింగ్ మెషీన్లలో అయితే ఆలస్యంగా మొదలుపెట్టే బటన్ ఉండనే ఉంటుంది, మనమే దాని జోలికి పోం. మూడూ ఒకే గంటలో పెట్టకండి. ప్యానెళ్లు ఇచ్చేదాన్ని మించితే ఆ మించినదంతా మళ్లీ పది ధరకే కొంటారు. పదకొండు గంటలకు మోటారు, పన్నెండుకు బట్టలు, రెండుకు గీజరు అనుకోండి. ట్యాంకు మంచిదైతే ఆ నీళ్లు సాయంత్రం దాకా వేడిగానే ఉంటాయి.

ఇలా ఏడాదికి సుమారు 1,200 యూనిట్లు నాలుగుకు అమ్మే బదులు పదికి కొనకుండా ఆపుతారు. యూనిట్‌కు ఆరు చొప్పున 7,200 లాభం. 40,000 మీద ఇది 18 శాతం. అప్పు లేదు, టైమర్లు తప్ప కొత్త సామాను లేదు. మబ్బు రోజులు తీసేస్తే కొంచెం తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు బ్యాటరీకి వద్దాం. అందులో పది యూనిట్లు పోస్తే బయటికొచ్చేవి సుమారు తొమ్మిది. కాబట్టి దాచిన ప్రతి యూనిట్‌కు నాలుగు వదులుకుని తొమ్మిది మిగుల్చుకుంటారు, లాభం ఐదు. మీకు సరిపడే బ్యాటరీ ఏడాదికి 1,500 యూనిట్లు దాచినా మిగిలేది 7,500. గ్యారంటీ సాధారణంగా పదేళ్లు, మొత్తం 75,000. ఆ బ్యాటరీ ధర మీ కరెంటు ధరల లెక్కలో 75,000 దాటితే డబ్బు కోసం దాన్ని కొనడం దండగ. కరెంటు కోతల కోసమైతే అది వేరే లెక్క. మామూలు సోలార్ ఇన్వర్టరు గ్రిడ్ పోయిన వెంటనే తానూ ఆగిపోతుంది. లైన్ల మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా ఉండాలన్నది నియమం. నడి మధ్యాహ్నం ఎండలో కూడా ఇంట్లో కరెంటుండదు. కోతల్లో కూడా కరెంటు కావాలంటే అందుకు తగిన ఇన్వర్టరు, బ్యాటరీ కొనండి, కానీ దాన్ని పెట్టుబడి అనుకోకండి, సౌకర్యం కోసం పెట్టే ఖర్చు అనుకోండి.

రిటైర్మెంట్ ప్లాన్‌లో సోలార్‌ను ఎక్కడ రాసుకోవాలన్నది అసలు ప్రశ్న. ఆదాయం వరుసలో రాయకండి. ఖర్చుల వరుసలో కరెంటు బిల్లు దగ్గర అంకె తగ్గించండి. కరెంటు ధరలు పెరిగితే కొనకుండా ఆదా అవుతున్న ప్రతి యూనిట్ విలువా దాంతోపాటే పెరుగుతుంది కాబట్టి ఇది ద్రవ్యోల్బణం నుంచి కొంత రక్షణ కూడా. ఎక్స్‌పోర్ట్ డబ్బు వస్తే రానివ్వండి, దాన్ని మాత్రం ఇన్వర్టరు కోసం విడిగా దాయండి. ప్యానెళ్లు పాతికేళ్లు నడుస్తాయి, ఏడాదికి అర శాతం చొప్పున మాత్రమే శక్తి తగ్గుతుంది. ఇన్వర్టరు అంతకాలం ఉండదు, పది పన్నెండేళ్లకు మార్చాల్సి రావచ్చు. అంటే మీ జీతం ఆగిపోయాక ఆ ఖర్చు వస్తుంది.

మీకు అనుకూలమైనది ఒకటుంది. నాలుగేళ్ల తర్వాత పగలు మీరిద్దరూ ఇంట్లోనే ఉంటారు. ఫ్యాన్లు, ఏసీ, వంట, అన్నీ ఎండ ఉన్నప్పుడే నడుస్తాయి. ఇప్పుడు 2,000 దగ్గరున్న సొంత వాడకం తనంతట తానే పెరుగుతుంది. ఒక్క ప్యానెల్ కూడా అదనంగా వేయకుండానే.

ఈలోగా ఫోన్‌లో సోలార్ యాప్‌ను వారానికొకసారి తెరవండి. ఇన్వర్టరు ట్రిప్ అయి రెండు వారాలు ఊరికే పడి ఉంటే బిల్లు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఎండ బాగున్నా ఉత్పత్తి తగ్గుతుంటే ముందు దుమ్ము, తర్వాత పక్కన పెరిగిన చెట్టు నీడ చూడండి. నడి వేసవిలో కొద్దిగా తగ్గడం మామూలే. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా శక్తి కోల్పోతుంది. ఇంటి బీమా ఉంటే ప్యానెళ్ల సంగతి వాళ్లకు తెలియజేయండి.

లోను ఈఎంఐగా కట్టాలనుకున్న మొత్తాన్ని ఈ నాలుగేళ్లూ రిటైర్మెంట్ నిధిలో వేయండి. కంపెనీవాళ్లు మళ్లీ వస్తే వాళ్లతో మాట్లాడే ముందు మీ విద్యుత్ సంస్థను రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఇప్పుడిస్తున్న నాలుగు ధర ఏ సంవత్సరం దాకా మారదు? ప్యానెళ్లు పెంచితే పాత ఒప్పందం అలాగే ఉంటుందా, లేక మొత్తం 10 కిలోవాట్లూ కొత్త ధరలోకి మారతాయా? కొన్నిచోట్ల అలా మార్చేస్తారు, అప్పుడు కొత్త ప్యానెళ్లు పాతవాటి ఆదాయాన్ని కూడా తగ్గించేస్తాయి.