పక్కింటి రావి చెట్టు వేళ్లు మా ఇంటి కిందికి వస్తే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణం. పక్కవారి స్థలంలో, మా ప్రహరీకి నాలుగడుగుల దూరంలో పెద్ద రావి చెట్టు ఉంది. దాని వేళ్లు గోడ కిందినుంచి వచ్చి మా స్నానాల గదిలో నాపరాళ్లను పైకి లేపాయి. ప్రహరీ కూడా బీటలు వారింది. యజమాని ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాదులో ఉంటున్నారు. ఫోన్ చేస్తే, ‘మీరు ఇల్లు కట్టకముందు నుంచే చెట్టు ఉంది, రావి చెట్టును ఎవరైనా కొట్టిస్తారా’ అంటున్నారు. వేళ్లను మేమే నరికించవచ్చా? నష్టపరిహారం వస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ స్థలం మీద మీకున్న హక్కు నేల పైభాగంతో ఆగిపోదు, కింది మట్టికీ వర్తిస్తుంది. పక్కవారి చెట్టు వేళ్లు హద్దు దాటి వచ్చి కట్టడాన్ని దెబ్బతీస్తే, దానిని న్యాయశాస్త్రం పొరుగువారి ఆస్తి అనుభవానికి కలిగే ఆటంకంగా, అంటే ప్రైవేటు న్యూసెన్స్‌గా చూస్తుంది. ఇలాంటి వివాదాలకు మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు కాబట్టి, సివిల్ కోర్టులు ఇంగ్లండులో కోర్టు తీర్పుల ద్వారా రూపొందిన కామన్ లా సూత్రాలనే అనుసరిస్తాయి. చెట్టు మీకంటే ముందునుంచీ ఉందన్న వాదన ఆయనను కాపాడదు. న్యూసెన్స్ ఉన్న చోటికి మీరే తర్వాత వచ్చారనడం చెల్లుబాటయ్యే రక్షణ కాదని కోర్టులు ఎంతోకాలంగా చెబుతున్నాయి. పైగా ఏటికేడు కొత్తగా, కంటికి కనపడకుండా పాకే వేరుకు ఎన్నేళ్లు గడిచినా ఈజ్‌మెంట్ హక్కు, అంటే ఇతరుల స్థలాన్ని ఏళ్ల తరబడి వాడుకున్నందువల్ల దక్కే హక్కు, పుట్టదు. అయితే మీ గది మున్సిపల్ ప్లానులో హద్దు పక్కన ఖాళీగా వదలాలని చూపిన సెట్‌బ్యాక్‌లోకి చొచ్చుకుని కట్టినదైతే, ఎదుటి న్యాయవాది మొదట పట్టుకునేది దానినే. కాబట్టి మంజూరైన ప్లాను కాపీని ఇప్పుడే తీసి చూసుకోండి.

ఇక అసలు మాట. చెట్టు ఉన్నంత మాత్రాన యజమాని బాధ్యుడు కాడు. దానివల్ల హాని జరుగుతోందని తెలిసీ, లేదా తెలుసుకోగలిగి ఉండీ, తగిన చర్య తీసుకోకపోతే బాధ్యత ఆయన మెడకు చుట్టుకుంటుంది. లండన్‌లో వీధి చెట్టు వేళ్ల వల్ల ఒక భవనం దెబ్బతిన్న ‘డెలావేర్ మాన్షన్స్’ కేసులో 2001లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇదే చెప్పింది: విషయం తెలియజేసి, సరిచేసుకునే అవకాశం ఇచ్చిన తర్వాత కూడా చెట్టును చూసుకోవలసిన కౌన్సిల్ పట్టించుకోలేదు కాబట్టి, పునాదిని బలపరచడానికి అయిన ఖర్చును అదే భరించాలని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు గానీ దాని తర్కానికి విలువ ఉంది. మీరు ఇంతవరకూ ఫోన్‌లోనే మాట్లాడారు. రేపు కోర్టులో ఆయన ‘నాకెవరూ చెప్పలేదు’ అంటే మీ చేతిలో ఏముంటుంది? అందుకే నష్టం వివరాలు, ఫోటోలు, ఒక గడువు, మీరు కోరేదేమిటో స్పష్టంగా రాసి, చేరినట్టు రుజువు దొరికే తపాలాలో ఆయన హైదరాబాదు చిరునామాకు నోటీసు పంపించండి. అద్దెకున్నవారికి ఒక ప్రతి ఇస్తే చాలు; వారిని నిందించడంలో అర్థం లేదు.

మీ కేసు గెలిచినా ఓడినా అది నష్టానికి కారణాన్ని రుజువు చేయడం దగ్గరే. పల్నాడులో చాలాచోట్ల నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. చెట్టు లేకపోయినా ఆ నేల మీద గోడలు బీటలు వారతాయి, ఎదుటివారు ఆ మాటే అంటారు. మీ సెప్టిక్ ట్యాంకు గానీ పైపు గానీ కారుతుంటే, ఆ తడికే వేళ్లు వచ్చాయని కూడా వాదిస్తారు. అందువల్ల మేస్త్రీని పిలిచి బండలు సరిచేయించే ముందు, ప్రహరీ పక్కన మీ వైపు చిన్న గుంత తవ్వించండి. మణికట్టంత లావు వేరు పునాది రాళ్ల మధ్య దూరి ఉంటే, దాని పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. దాని ముక్కను కూడా దాచండి. సివిల్ ఇంజనీరు చేత రాతపూర్వక నివేదిక తీసుకోండి, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 39 కింద నిపుణుడి అభిప్రాయానికి విలువ ఉంటుంది. ఫోన్ ఫోటోలకు సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. దావా వేశాక సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద, స్థలాన్ని స్వయంగా చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని కోరవచ్చు. ముందే బండలు వేయించి, సున్నం కొట్టించి నా దగ్గరికి వచ్చిన కక్షిదారులను చూసి బాధపడ్డ సందర్భాలున్నాయి, అప్పటికి చూపించడానికి ఏమీ మిగలదు.

వేళ్లను మీరే నరికించవచ్చా అంటే, మీ హద్దులోకి వచ్చిన మేరకు, ఆయన స్థలంలో అడుగుపెట్టకుండా నరికించవచ్చు. నరికిన కలప ఆయనదే. కానీ నేను తొందరపడవద్దనే చెబుతాను. నాలుగడుగుల దూరంలో లావుపాటి వేళ్లను ఒకవైపు తెగ్గొడితే చెట్టు నిలబడే బలం పోయి వాలవచ్చు. అది ఎవరి మీదైనా పడితే బాధ్యత మీ మీదికీ వస్తుంది. చెట్టు మొదలు దగ్గర మందు పోసి చంపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 కింద ఇతరుల ఆస్తిని పాడుచేసిన నేరం కావచ్చు.

నోటీసుకు స్పందన లేకపోతే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 39 కింద మ్యాండేటరీ ఇంజంక్షన్ (ఫలానా పని చేయాలని కోర్టు ఇచ్చే ఆదేశం), దానితోపాటు నష్టపరిహారం కోరుతూ సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. చెట్టునే తొలగించమని పట్టుబట్టకండి. పూజలందుకునే రావి చెట్టును మీరు వద్దంటున్నారన్న మాట అనవసరంగా వ్యాజ్యంలోకి వస్తుంది. హద్దు వెంబడి కందకం తవ్వి వేళ్లకు అడ్డుగోడ కట్టడం, నిపుణుల పర్యవేక్షణలో వేళ్లను కత్తిరించడం చాలకపోతేనే చెట్టు తొలగింపు అని క్రమంగా అడగండి. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ముందస్తు అనుమతి అవసరం కావచ్చు, కాబట్టి ఆ అనుమతి తెచ్చుకునే బాధ్యతను ప్రతివాదిపైనే పెట్టమని దావాలో చేర్చాలి. వేళ్ల వల్ల నష్టం కొనసాగుతూ ఉన్నంతకాలం దావా గడువులను నిర్ణయించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 22 ప్రకారం గడువు కొత్తగా మొదలవుతూనే ఉంటుంది గానీ, మూడేళ్ల కంటే పాత ఖర్చులను రాబట్టుకోవడం కష్టం.

చెట్టు ఇప్పటికే వాలి, పడిపోయే స్థితిలో ఉంటే దారి వేరు. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే ఆర్డీవో లేదా ఆ అధికారం ఇచ్చిన తహసీల్దారు, దానిని తొలగించమనో ఆసరా కట్టమనో ఆదేశించగలరు. గోడ బీటలకు మాత్రం ఆ సెక్షన్ పనికిరాదు.

దావా కంటే ముందు మీ మండల న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు చేసి, లోక్ అదాలత్‌లో రాజీ ప్రయత్నించవచ్చు. కందకం ఖర్చును ఆయన భరించేలా ఒప్పందం కుదిరితే, ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. వానాకాలానికి ముందే గుంత తవ్వించి, ఆ ఫోటోలతోనే నోటీసు పంపండి.